ముసలివారి మంచం దగ్గరికి ఎలా వెళ్తున్నాం?

డిసెంబరు దగ్గరపడుతోంది. సెమీ క్రిస్మస్ ఆరాధనల తేదీలు ఖరారవుతున్నాయి. క్యారల్స్ బృందాలు పాటలు సాధన చేస్తున్నాయి. యౌవనస్థుల కూటాల్లోనూ స్త్రీల సమాజాల్లోనూ ప్రతి ఏటా వినిపించే మాట ఈసారీ వినిపిస్తుంది: ఒక ఆదివారం సాయంత్రం వృద్ధాశ్రమానికి వెళ్దాం అని. మంచి మాటే. కేకు, అరటిపళ్లు, దుప్పట్లు పట్టుకుని ముప్పై నలభై మంది బస్సులో బయలుదేరతారు. పాటలు పాడతారు, పెద్దల తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు, ఫొటోలు దిగుతారు, గంటన్నరలో తిరిగి వస్తారు. మేమూ చాలాసార్లు అలా వెళ్లినవాళ్లమే.

ఆ తర్వాత వారం ఆ గృహంలో ఏం జరిగిందని మాత్రం మనం అడగం. అలాంటి ఒక గృహంలో పనిచేసే సోదరి ఆ మధ్య మాతో మాట్లాడుతూ, పండుగ రోజులంటే తమకు సంతోషమూ భయమూ రెండూ ఉంటాయని చెప్పారు. వచ్చేవారిలో ఎవరో ఒకరికి జలుబు ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో ఒక వరుసలోని మంచాలన్నిటి దగ్గరా దగ్గు మొదలవుతుంది. సంక్రాంతి నాటికి ఒకరిద్దరు మళ్లీ లేవరు. వయసు మీదపడి పోయారని రిజిస్టరులో రాస్తారు. ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. రావద్దని కూడా అనలేదు. అందుకే ఆ మాట మమ్మల్ని ఇంకా వెంటాడుతోంది.

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారు నడిపే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పుకో ఆపరేషనుకో చేరి నాలుగు రోజుల్లో ఇంటికి వస్తాం. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. స్నానం చేయించడం, తినిపించడం, పక్క మార్చడం, మందులివ్వడం, ఇలా అన్నిటికీ ఇంకొకరి చెయ్యి అవసరమైన పెద్దలు నెలల తరబడి, చాలామంది చివరి శ్వాస వరకు, ఉండే చోటు అది. అలాంటివి అక్కడ సుమారు 15,000 ఉన్నాయి. ఆసుపత్రిలో ఉండేంత జబ్బు, ఇంట్లో ఉండే సన్నిహితత్వం ఒకే చోట కలిసి ఉండటమే వాటి కష్టం. ఒకే భోజనాల గది, ఒకే పాటల గది, ఒకే ఆయా చెయ్యి పది మంది ఒంటిమీద. మన వృద్ధాశ్రమాల్లో మంచం పట్టినవారి వార్డులు కూడా సరిగ్గా ఇలాంటివే.

2020 ఫిబ్రవరి చివరి వారం. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటిల్ పక్కనున్న కిర్క్‌లాండ్ పట్టణంలోని లైఫ్ కేర్ సెంటర్ అనే గృహంలో సుమారు 130 మంది నివాసులు, 170 మంది సిబ్బంది ఉన్నారు. శ్రమల కాలానికి ముందు చేసుకునే మార్డి గ్రా పండుగ సందర్భంగా అక్కడి పెద్ద గదిలో వేడుక జరిగింది. పాటలు, సంగీత బృందం, బంధువులు, పిండివంటలు. మన సెమీ క్రిస్మస్ సాయంత్రాన్ని కళ్లముందు ఉంచుకుంటే చాలు, పెద్ద తేడా ఏమీ లేదు. అప్పటికే ఆ గృహంలో కొందరికి జ్వరం, దగ్గు ఉన్నాయి. చలికాలపు ఫ్లూ అయి ఉంటుందనుకున్నారు. ఫిబ్రవరి 28న ఒక నివాసికి కోవిడ్ అని తేలింది. మార్చి 18 నాటికి ఆ ఒక్క గృహంతో ముడిపడిన కేసులు 167. వాటిలో 101 నివాసులవి, 50 సిబ్బందివి, 16 చూడటానికి వచ్చినవారివి. వ్యాధి సోకిన నివాసుల్లో మూడింట ఒక వంతు మరణించారు. అదే తేదీకి ఆ జిల్లాలో మరో ముప్పై వరకు పెద్దల గృహాల్లో వ్యాధి కనిపించింది.

అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అక్కడికి వెళ్లి ఎందుకిలా అయిందని చూసింది. దొరికిన కారణాల్లో ఆశ్చర్యపరిచేవి ఏమీ లేవు. ఒంట్లో బాగాలేకపోయినా సిబ్బంది పనికి వచ్చారు. ఒకే మనిషి రెండు మూడు గృహాల్లో పనిచేస్తూ ఒకచోటి జబ్బును ఇంకోచోటికి మోశారు. మాస్కు, గౌను, గ్లౌజులు ఎప్పుడు ఎలా వేసుకోవాలో, ఎలా తీయాలో సరిగ్గా తెలియదు. తెలిసినా సరిపడా లేవు. చేతులు శుభ్రం చేసుకునే ద్రావణం కూడా చాలలేదు. జబ్బును గుర్తించడం ఆలస్యమైంది, పరీక్షలు దొరకలేదు. ప్రపంచంలోకెల్లా ధనిక దేశంలో, సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొలువుదీరిన ఊళ్ల మధ్యలో ఇలా జరిగింది. ఈ జాబితా చదివినప్పుడు మాకు అమెరికా గుర్తుకు రాలేదు. మన ఊళ్లలో ఉదయం ఒక ఆశ్రమంలో, సాయంత్రం ఒక ఇంట్లో పెద్దలను చూసుకుంటూ, ఒక రోజు మానేస్తే ఆ రోజు కూలి పోతుందని జ్వరపు మాత్ర వేసుకుని పనికి పరుగెత్తే ఆయాలు గుర్తుకొచ్చారు.

కోవిడ్ కొత్త జబ్బు కాబట్టి ఎవరూ సిద్ధంగా లేరనడం సగం నిజం. అమెరికా పార్లమెంటు తరఫున ప్రభుత్వ లెక్కలు చూసే సంస్థ ఒకటి 2020 మేలో ఒక నివేదిక ఇచ్చింది. 2013 నుంచి 2017 వరకు తనిఖీ జరిగిన గృహాల్లో 82 శాతం, అంటే 13,299 గృహాలు, కనీసం ఒక్కసారైనా అంటువ్యాధుల నివారణలో లోపంతో పట్టుబడ్డాయి. వాటిలో సగానికి దగ్గరగా వరుస సంవత్సరాల్లో అదే తప్పు చేశాయి. తనిఖీ అధికారులు ఆ లోపాల్లో నూటికి తొంభై తొమ్మిదింటిని తీవ్రమైనవి కావని రాశారు. శిక్ష పడిన సందర్భాలు బహు తక్కువ. ఏమిటా తీవ్రం కాని లోపాలు? చేతులు కడుక్కోకపోవడం, అంటుజబ్బు ఉన్నవారిని వేరుగా ఉంచకపోవడం. ఒక్కొక్కటిగా చూస్తే చిన్నవే. పోయిన ప్రాణాలను లెక్కపెడితే వేరేలా కనిపిస్తాయి. 2022 ఆరంభం నాటికి అమెరికా పెద్దల సంరక్షణ గృహాల్లో నివాసులు, సిబ్బంది కలిపి 2 లక్షల మందికి పైగా కోవిడ్‌తో చనిపోయారు.

జబ్బు కనిపిస్తే జాగ్రత్తపడదాం అనే ఆలోచన ఎంత బలహీనమైనదో అదే జిల్లాలోని ఇంకో గృహం చూపింది. అక్కడ 76 మంది నివాసులకు లక్షణాలు ఉన్నా లేకపోయినా పరీక్ష చేశారు. 48 మందికి వైరస్ ఉన్నట్టు తేలింది. పరీక్ష చేసిన రోజున వారిలో 27 మందికి ఏ బాధా లేదు. ఆ 27 మందిలో 24 మందికి తర్వాతి రోజుల్లో లక్షణాలు బయటపడ్డాయి. అంటే పకపకా నవ్వుతూ పలకరిస్తున్న పెద్దమనిషి కూడా పక్క మంచానికి జబ్బును అందించి ఉండవచ్చు. చూడటానికి వెళ్లే మనమూ అంతే. ఒంట్లో బాగానే ఉంది కదా అన్నది చాలని హామీ.

పాటల విషయం చెబితే కొందరికి నచ్చకపోవచ్చు. అదే రాష్ట్రంలో మౌంట్ వెర్నన్ అనే ఊళ్లో 2020 మార్చి 10న ఒక గాయక బృందం ఒక ప్రెస్బిటేరియన్ చర్చి ఆవరణలో సాధన చేసింది. వచ్చినవారు 61 మంది. 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. గొంతెత్తి పాడేటప్పుడు నోటినుంచి వచ్చే సన్నని తుంపర గాలి ఆడని గదిలో ఎలా నిలిచిపోతుందో ఆ రాత్రి ప్రపంచానికి తెలిసింది. పాడొద్దని మేమనడం లేదు. కిటికీలు మూసిన వార్డులో మంచాల మీదికి వంగి పాడటానికి, వరండాలోనో ముంగిట్లోనో నిలబడి పాడటానికి తేడా ఉందంటున్నాం. పెద్దలకు పాట వినిపిస్తే చాలు.

ఇంగ్లండు కథ మరోలా నడిచింది. ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ చేయాలనే తొందరలో 2020 మార్చి 17 నుంచి ఏప్రిల్ 15 వరకు సుమారు 25,000 మందిని అక్కడి కేర్ హోములకు పంపారు. అందరికీ పరీక్ష చేసి పంపలేదు. లక్షణాలు లేనివారి నుంచి కూడా వ్యాధి సోకే ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోని ఆ విధానం చట్టవిరుద్ధమని 2022 ఏప్రిల్ 27న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. తండ్రులను పోగొట్టుకున్న ఇద్దరు కూతుళ్లు వేసిన కేసు అది. అప్పటికి రెండేళ్లు గడిచిపోయాయి.

ఇంగ్లండులోనే జరిగిన ఇంకో పరిశీలన గురించి తెలుగు పత్రికల్లో పెద్దగా రాలేదు. మాకు మాత్రం ఈ మొత్తం చర్చలో అదే ముఖ్యమనిపిస్తుంది. 2020 వేసవిలో కేర్ హోములన్నిటి మీద జరిపిన ఒక సర్వేలో, జబ్బుపడిన సిబ్బందికి సెలవు రోజుల జీతం ఇచ్చే గృహాల్లో నివాసులకు వ్యాధి తక్కువగా సోకిందని తేలింది. రోజుకొక కొత్త మనిషిని ఏజెన్సీ నుంచి తెచ్చుకునే గృహాల్లో ఎక్కువగా సోకింది. అంటువ్యాధుల నివారణ అనగానే మనకు శానిటైజర్ సీసా, ఫినాయిలు వాసన గుర్తొస్తాయి. జ్వరం వచ్చిన ఆయా ఆకలి భయం లేకుండా ఇంట్లో పడుకోగలిగితే ఏ సీసా చేయలేనంత మేలు జరుగుతుంది.

ఇన్ని ప్రాణాలు పోయాక కూడా ఆ పాఠం నిలబడిందా అంటే అవునని చెప్పలేం. 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. ప్రతి నివాసికి రోజుకు కనీసం 3.48 గంటల సంరక్షణ అందేంత సిబ్బంది ఉండాలి, రిజిస్టర్డ్ నర్సు రాత్రింబవళ్లు ఉండాలి అని. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టివేసింది. అదే జూలైలో కాంగ్రెస్ చేసిన చట్టం దాని అమలును 2034 దాకా ఆపేసింది. అంతమంది నర్సులు ఎక్కడ దొరుకుతారని యజమానుల ప్రశ్న. పల్లెల్లోని చిన్న గృహాల విషయంలో ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కానీ ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కరు పరుగున చేస్తున్నప్పుడు మొదట ఎగిరిపోయేది చేతులు కడుక్కునే అర నిమిషమే.

ఈ సంగతి మన కుటుంబాలకు దూరమైనది కాదు. మన సంఘాల నుంచి వెళ్లిన ఆడపిల్లలు బ్రిటన్‌లో, అమెరికాలో, గల్ఫ్ దేశాల్లో ఇదే పని చేస్తున్నారు. బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా దారి తెరిచింది, 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడం ఆపింది. ఆ మూడేళ్లలో అప్పులు చేసి వెళ్లినవారి కోసం మన ఆరాధనల్లో ప్రార్థన మనవులు చదివాం. వారు అక్కడ నేర్చుకున్న పద్ధతులేమిటి, అలిసిపోయి పనిచేసినప్పుడు ఏ పద్ధతులు తప్పుతాయి అని వారిని అడిగిన సంఘం ఏదైనా ఉందా? సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పమంటాం. పది నిమిషాలు ఆ సంగతి కూడా చెప్పమనవచ్చు.

ఇక రెండో వైపు. రోగం లోపలికి రాకుండా తలుపులు మూసేస్తే సరిపోతుందని చాలా దేశాలు అనుకున్నాయి. అమెరికాలో 2020 మార్చి 13న సందర్శకులందరినీ ఆపేశారు. చివరి ఘడియల్లో ఉన్నవారి దగ్గరికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. సెప్టెంబరు 17న గాని ఆ కట్టడి సడలలేదు. ఆ ఆరు నెలల్లో కిటికీ అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపిన భార్యలను, ఫోన్‌లో కీర్తన వినిపించిన కొడుకులను లోకమంతా చూసింది. మతిమరుపు జబ్బు ఉన్నవారికి ఆ అద్దం ఎందుకుందో కూడా అర్థం కాలేదు. వైరస్ సోకకుండానే తిండి మానేసి కృశించినవారు ఉన్నారు. కాబట్టి తలుపు పూర్తిగా మూయడం కూడా హాని చేసే పనే. ఆ హాని ఏ పరీక్షలోనూ కనిపించదు, అంతే.

ఇక్కడ లేవీయకాండము 13, 14 అధ్యాయాలు మళ్లీ చదవమని మా మనవి. మన బోధల్లో ఆ అధ్యాయాలు రావడం అరుదు. చర్మవ్యాధి అనుమానం ఉన్నవాడిని ఏడు రోజులు వేరుగా ఉంచాలి అన్నంతవరకే మనకు గుర్తుంటుంది. ఏడో రోజున యాజకుడు మళ్లీ చూడాలని కూడా అక్కడే ఉంది. పాళెము వెలుపల ఉన్నవాడి దగ్గరికి యాజకుడే నడిచి వెళ్లి, నయమైందేమో పరిశీలించాలని ఉంది. వేరు చేయడానికి గడువు ఉంది, చూసేవాడు ఉన్నాడు, తిరిగి చేర్చుకునే క్రమం ఉంది. గడువూ పరామర్శా లేని ఏకాంతవాసం ఆ ధర్మశాస్త్రంలో కూడా మొదటి ఉద్దేశం కాదు.

మన నేలమీదే దీనికి సాక్ష్యం ఉంది. నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో 1915లో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ వైద్యురాలు ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆశ్రయం నెలకొల్పారు. ఊరి బయటకు నెట్టేసినవారిని ఒకచోట చేర్చి చికిత్స చేశారు. వారి పుండ్లను తాకడానికి జంకలేదు, జాగ్రత్తనూ విడిచిపెట్టలేదు. తాకాలా, జాగ్రత్తపడాలా అన్నది వారికి రెండు వేరు ప్రశ్నలు కాలేదు.

ఇప్పుడు మన గృహాల సంగతి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకొకటి చొప్పున మొదలుపెట్టి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే గృహాలను రాష్ట్ర ప్రభుత్వాలు స్థాపించవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. స్థాపించవచ్చు అనే అంది, స్థాపించి తీరాలి అనలేదు. గృహాలు నమోదు కావాలి, వాటికి కనీస ప్రమాణాలుండాలి అని 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. కాబట్టి ట్రస్టులు, సంఘాలు, దయగల కుటుంబాలు నడిపే గృహాల్లో చేతులు కడుక్కునే పంపు ఎక్కడుండాలి, ఎంతమందికి ఒక ఆయా ఉండాలి అన్నది నడిపేవారి మనస్సాక్షికే మిగిలింది. మనస్సాక్షి చాలామందికి ఉంది. ఎలా చేయాలో చెప్పేవారే తక్కువ.

ఉదాహరణకు గజ్జి. ప్రసంగవేదిక మీద ఎత్తే మాట కాదు గానీ, వృద్ధాశ్రమాల్లో పెద్దలను రాత్రిళ్లు నిద్రపోనీయని జబ్బు ఇది. మొదటిసారి సోకినవారికి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోపు వారి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. ఒకరికి దురద వచ్చినప్పుడు ఆ ఒక్కరికే మందు రాస్తే, నయమైన వారానికి పక్క మంచం నుంచి మళ్లీ వస్తుంది. డాక్టరు రాసిన పెర్మెత్రిన్ క్రీమును గదిలో అందరికీ, వారిని ఎత్తి దించే ఆయాలకు కూడా, ఒకే రోజు రాయాలి. రాత్రంతా ఉంచాలి, వారానికి మరోసారి రాయాలి. ఆ రోజే దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివాటిని మూట కట్టి కొన్ని రోజులు పక్కన పెట్టాలి. మనిషి ఒంటిని విడిచిన గజ్జి పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. మందులషాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీము దురదను అణుస్తుంది, జబ్బును దాచిపెడుతుంది. మనం ప్రేమతో తెచ్చిన పాత దుప్పట్ల మూట కూడా ఉతికి ఆరేసిందో కాదో ఒకసారి చూసుకుంటే మంచిది.

మూత్రం గొట్టం ఇంకోటి. పక్క తడపకుండా ఉంటారని, ఆయాకు పని తగ్గుతుందని కొన్నిచోట్ల నెలల తరబడి గొట్టం ఉంచేస్తారు. గొట్టం ఉన్న ప్రతి రోజూ సూక్ష్మజీవులకు తెరిచిన దారే. సంచి నడుము కంటే కింద వేలాడాలి, నేలకు తగలకూడదు, ఖాళీ చేసే ముందూ తర్వాతా చేతులు కడగాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఇంకా అవసరమా అని డాక్టరును అడగాలి. మరో పొరపాటు కూడా మామూలే. ఏ బాధా లేని పెద్దవారికి మూత్ర పరీక్షలో సూక్ష్మజీవులు కనిపించగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం. ముసలితనంలో అలా కనిపించడం సహజం, లక్షణాలు లేకపోతే సాధారణంగా మందు అవసరం ఉండదు. అనవసరంగా వాడిన మందు, అవసరమైన రోజున పనిచేయదు.

జ్వరం విషయంలో మన అంచనాలు పెద్దల దగ్గర తప్పుతాయి. వృద్ధుల ఒళ్లు యువకుల్లా కాలిపోదు. థర్మామీటరులో 100 డిగ్రీలు దాటినా పట్టించుకోవాలి. ఒక్కోసారి అదీ ఉండదు. నిన్నటిదాకా బాగా మాట్లాడినాయన ఇవాళ తడబడుతున్నాడు, అన్నం ముట్టడం లేదు, ఊరికే తూలి పడ్డాడు. ఇన్‌ఫెక్షన్‌కు అదే మొదటి గుర్తు కావచ్చు. రోజూ చూసే ఆయాకే ఆ మార్పు తెలుస్తుంది. ఆమె మాట వినే మేనేజరు ఉండాలి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. ముసలి దగ్గులే అని వదిలేసిన క్షయ, వార్డు మొత్తాన్ని చుట్టేస్తుంది.

చేతుల సంగతి అందరికీ తెలిసినదే అనుకుంటాం. సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. విరేచనాలు ఉన్న గదిలో శానిటైజర్‌ను నమ్ముకోకూడదు, సబ్బూ నీళ్లే. గ్లౌజులు తొడిగిన చేతితో నలుగురిని ముట్టుకుంటే ఆ గ్లౌజులు ఆయాను కాపాడతాయేమో గానీ, పెద్దలను కాపాడవు.

ఇప్పుడు సందర్శనకు వెళ్లే మనం. ముందు ఆ గృహానికి ఫోన్ చేసి, లోపల ఎవరికైనా జబ్బుగా ఉందా, ఎంతమంది రావచ్చు అని అడుగుదాం. బస్సు నిండా కాక ఎనిమిది పదిమంది చొప్పున నాలుగు నెలల్లో నాలుగుసార్లు వెళ్తే పెద్దలకు అదే ఎక్కువ సంతోషం. డిసెంబరులో ఉక్కిరిబిక్కిరయ్యే ఆ గృహాలకు మార్చిలో ఎవరూ రారు. జలుబు, దగ్గు, విరేచనాలు, కళ్లకలక ఉన్నవారు ఇంట్లోనే ఉండాలి, ఆరోజు ప్రార్థన నడిపించాల్సిన పాస్టరుగారైనా సరే. ఆయన రాకపోతే ఎలా అనే మొహమాటమే ప్రమాదం. తలమీద చేతులుంచే ముందు, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి వెళ్లే ముందు చేతులు శుభ్రం చేసుకోవాలి. నూనెతో అభిషేకించేవారు ఒకే సీసాలో వేలు ముంచి అందరి నుదుటా పెట్టకుండా, ఒక్కొక్కరికి వేరుగా దూది వాడవచ్చు. ప్రభువు బల్ల ఇచ్చేటప్పుడు ఉమ్మడి పాత్ర వద్దు, చిన్న గ్లాసులు మన సంఘాల్లో చాలావాటికి అలవాటే. ఇందులో ఏదీ విశ్వాసానికి తక్కువ కాదు. యోహాను 13లో ప్రభువు తువాలు కట్టుకుని పళ్లెంలో నీళ్లు పోసిన దృశ్యాన్ని వినయానికి గుర్తుగా మాత్రమే చెప్పుకుంటాం. ఆ నీళ్లు నిజంగా మురికి పాదాలను కడిగాయి కూడా.

ప్రార్థన చేసేవారికి ఏ జబ్బూ అంటదని కొన్ని వేదికల మీద వింటున్నాం. అలా చెప్పే దైవజనులతో మాకు తగువు వద్దు. ఒక్కటే అడుగుతాం: మీకు అంటకపోవచ్చు, మీ చేతినుంచి ఆ పెద్దామెకు అంటితే?

చివరిగా డబ్బు సంగతి, ఎందుకంటే చివరికి అక్కడికే వస్తుంది. ఆశ్రమాలకు మనం ఇచ్చేవాటి జాబితా తీయండి. బియ్యం, నూనె, దుప్పట్లు, స్వెట్టర్లు, స్వీట్లు. దాతల పేర్లు రాసిన సీలింగు ఫ్యాన్లు. వార్డు ద్వారం దగ్గర సబ్బూ పంపూ ఉన్న చిన్న సింకు మీద దాత పేరు మేము ఎక్కడా చూడలేదు. తల్లిదండ్రులకు ఇవ్వవలసింది దేవునికి అర్పితమైపోయిందని చెప్పి తప్పించుకునేవారిని మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు గద్దించారు. ఆలయానికి టైల్స్ వేయించి, మన సంఘపు పెద్దలే చేరి ఉన్న గృహంలో గ్లౌజులకు డబ్బు లేదంటే ఆ గద్దింపు మన మీద పడదా?

ఒక చిన్న లెక్క వేసి చూడమని సంఘ కమిటీలను, స్త్రీల సమాజాలను కోరుతున్నాం. మీరు ఏటా వెళ్లే గృహంలో ఎంతమంది ఆయాలు, వాచ్‌మన్లు, వంటవారు ఉన్నారో అడగండి. వారి ఒక రోజు కూలి ఎంతో అడగండి. ఒక్కొక్కరు ఏడాదికి ఆరు రోజులు జ్వరంతో ఇంట్లో ఉంటే ఆ కూలి, వారి బదులు వచ్చే మనిషి కూలి కలిపి ఎంతవుతుందో చూడండి. పదిమంది పనివారున్న గృహానికైతే ఆ మొత్తం మన సెమీ క్రిస్మస్ స్టేజీ, లైటింగు, సౌండు సిస్టం ఖర్చు పక్కన పెట్టి చూడదగినదే. రెండు అంకెలూ ఒకే కాగితం మీద రాసి, డిసెంబరు మొదటి ఆదివారం కమిటీ ముందు పెట్టండి. ఏ సంఘమైనా అలా ఒక గృహంతో మాట్లాడి ఏర్పాటు చేస్తే మాకు రాయండి. ఎలా చేశారో, ఎక్కడ ఇబ్బంది పడ్డారో ఇదే పేజీలో ప్రచురిస్తాం.